వాన పడ్డాక దొమ్మ రోగం మళ్లీ ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మా మేత బీడులో పల్లంగా ఉన్న మూలన పన్నెండేళ్ల కిందట చనిపోయిన ఆవును పూడ్చిపెట్టాం. ఈ ఏడాది ఎండలు ముదిరి, ఆ వెంటనే భారీ వర్షాలు పడ్డాక, అక్కడే మేసిన రెండు పశువులు రాత్రికి రాత్రే చనిపోయాయి. ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారింది. పరీక్షలో దొమ్మ రోగమని తేలింది. ఆ క్రిమి ఇన్నేళ్లు మట్టిలో ఎలా బతికింది? వాన తగిలి విత్తనంలా మొలకెత్తిందా? సున్నం చల్లినా, దున్ని ఎండబెట్టినా చస్తుందా?

జవాబు: మీరు చెప్పిన విత్తనం పోలిక సగం వరకు సరిపోతుంది. దొమ్మ రోగాన్ని కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బాక్టీరియా, చనిపోయిన పశువు రక్తంతో పాటు బయటపడి గాలి తగిలినప్పుడు, ఇక ఆహారం దొరకదని తెలిసి సిద్ధబీజంగా మారిపోతుంది. లోపలి నీటిని చాలా వరకు వదిలేసి, కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లాన్ని నింపుకొని, పొర మీద పొరగా కవచం కట్టుకున్న ఈ సిద్ధబీజం తినదు, పెరగదు, ఎండ వేడికీ చలికీ మామూలు క్రిమిసంహారక మందులకూ లొంగదు. స్కాట్లాండ్ తీరంలోని గ్రూనార్డ్ దీవిలో 1942లో ఆంత్రాక్స్ (దొమ్మ రోగం) ప్రయోగాలు చేస్తే, నాలుగు దశాబ్దాలు దాటినా ఆ నేల శుభ్రపడక, 1986లో సముద్రపు నీటిలో ఫార్మాల్డిహైడ్ కలిపి నేలంతా తడపవలసి వచ్చింది. మీ బీడులో పన్నెండేళ్లు గడవడం దీని ముందు పెద్ద లెక్క కాదు.

మిగతా సగం దగ్గర పోలిక తప్పుతుంది. వడ్ల గింజకు తడి, వెచ్చదనం దొరికితే మొలక వస్తుంది, ఎందుకంటే దాని తిండి దానిలోనే ఉంటుంది. సిద్ధబీజం మాత్రం బయట తిండి ఉందన్న గుర్తు అందేదాకా కదలదు. దాని లోపొరలో ఉండే గ్రాహకాలు అలనైన్ వంటి అమైనో ఆమ్లాలను, ఐనోసిన్ వంటి పదార్థాలను పసిగడతాయి. అవి తగిలిన కొన్ని నిమిషాల్లోనే డైపికోలినిక్ ఆమ్లం బయటికి పోయి, లోపలి గట్టి పొర కరిగి, నీరు లోనికి చేరి సిద్ధబీజం ఉబ్బుతుంది. అప్పటిదాకా మరిగే నీటిని సైతం కొంతసేపు తట్టుకున్నది ఆ క్షణం నుంచి మామూలు వేడికే చనిపోతుంది. 1877లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఈ బలహీనతనే వాడుకున్నాడు: పోషకాలున్న ద్రవాన్ని ఒకసారి మరిగించి, చల్లార్చి ఉంచి, లోపలి సిద్ధబీజాలు మొలకెత్తాక మళ్లీ మరిగించి చంపాడు. అదే పద్ధతి ఉత్త నీటిలో నమ్మదగ్గది కాదు. తిండి లేని నీటిలో అవి మేల్కొనవు, మేల్కొననివి చావవు. మీ బీడులో నిలిచిన వాన నీటికీ ఇదే వర్తిస్తుంది.

వెచ్చని, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నేలల్లో ఈ బాక్టీరియా మట్టిలోనే మొలకెత్తి పెరుగుతుందని వాదించినవారు ఉన్నారు. నా మట్టుకు దానికంటే పశువు శరీరమే అసలైన మొలక మడి అనిపిస్తుంది. అక్కడ 38, 39 డిగ్రీల వేడి, తడి, కావలసినన్ని అమైనో ఆమ్లాలు ఒక్కచోట దొరుకుతాయి. మట్టిలో తొందరపడి మొలకెత్తినదాన్ని మిగతా సూక్ష్మజీవులు పెరగనివ్వవు.

అలాగైతే వాన చేసిందేమిటి? సిద్ధబీజాల పై పొరకు నీరు అంటదు, కాబట్టి వరద నీటిలో అవి తేలికగా కొట్టుకుపోయి పల్లంలో పోగుపడతాయి. నీరు ఇంకాక అవి నేల పైన, గడ్డి మొదళ్లపైన మిగులుతాయి. ఎండలకు పచ్చిక కురచై, పశువులు మొదలంటా కొరికి మట్టితో సహా మింగినప్పుడు, గరుకు గడ్డికి నోటిలో పడిన గీతలే వాటికి దారి అవుతాయి.

సున్నం చల్లవద్దు. సున్నం ఎక్కువగా ఉన్న క్షార నేలల్లోనే ఈ సిద్ధబీజాలు ఎక్కువ కాలం నిలుస్తాయి కాబట్టి, మంచికని చల్లినది వాటికే మేలు చేయవచ్చు. దున్నడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే లోతున ఉన్నవి పైకి వస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైనున్న వాటిలో కొన్నింటిని చంపినా, పల్చటి మట్టి పొర కింద ఉన్నవాటిని ఏమీ చేయలేవు. గడ్డికి నిప్పు పెట్టడం కూడా దండగే. ప్రయోగశాలలో వీటిని చంపడానికి పీడనం కింద 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉంచుతారు. గడ్డి మంట అలా వచ్చి ఇలా పోతుంది, అంగుళం లోతున మట్టి అంత వేడెక్కదు.

జబ్బవాపు కలిగించే క్లాస్ట్రీడియం సిద్ధబీజాలతో దీన్ని కలపకండి. అవి గాలి అందని చోటే పెరుగుతాయి; దూడ కండరంలో నిద్రాణంగా ఉండి, దెబ్బ తగిలి అక్కడ ఆక్సిజన్ తగ్గినప్పుడు విజృంభిస్తాయి. దాని టీకా వేరు.

ఇప్పుడు మీరు చేయవలసినది ముందుగా ఆ మూలకు కంచె వేసి మందను వేరే చోటికి మార్చడం. చనిపోయిన పశువును కోయకండి, తోలు తీయకండి. కళేబరం మూసి ఉంటే లోపలి బాక్టీరియా గాలి అందక, కుళ్లు వల్ల కొద్ది రోజుల్లోనే చాలా వరకు చనిపోతుంది. కత్తి పెడితే ఆ రక్తమంతా సిద్ధబీజాలవుతుంది. పశువైద్యుడి పర్యవేక్షణలో పూర్తిగా కాల్చివేయడం మేలు, వీలుకాకపోతే లోతుగా పూడ్చాలి. రక్తం పడిన మట్టిని కూడా గీకి తీసి దానితోపాటే కాల్చాలి.

మిగిలిన పశువుల్లో జ్వరం ఉన్నవాటికి వైద్యుడు పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు. జ్వరం లేనివాటికి టీకా వేయించండి, కానీ ఒకే పశువుకు రెండూ ఒకేసారి పడకూడదు. ఈ టీకాలో ఉండేవి రోగం తెచ్చే శక్తి తగ్గించిన బతికున్న సిద్ధబీజాలే. అవి పశువు ఒంట్లో మొలకెత్తితేనే రోగ నిరోధక శక్తి వస్తుంది, యాంటీబయాటిక్ ఆ మొలకలను చంపేస్తుంది. మందు వాడిన పశువుకు టీకా ఎప్పుడు వేయాలో వైద్యుడిని అడగండి. ఆ నిరోధక శక్తి ఏడాది పాటే ఉంటుంది కనుక ప్రతి ఏటా, రోగం వచ్చే కాలానికి ముందే వేయించుకోండి.

ఆ కళేబరాలను తాకిన వారిలో ఎవరికైనా చర్మంపై నొప్పి లేని పుండు లేచి, నడుమ నల్లటి పక్కు కడితే, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లి దొమ్మ రోగంతో చనిపోయిన పశువును ముట్టుకున్న సంగతి చెప్పాలి.