పిల్లికి మాటిమాటికీ మూత్రం ఇబ్బందా? మందు మార్చేముందు తిండిగిన్నె చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చింటూ మగపిల్లి, నాలుగేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, బరువు ఆరు కిలోలు దాటింది. ఏడాదిగా రెండు మూడు నెలలకోసారి ఇదే వరస. లిట్టర్ బాక్స్‌లో చాలాసేపు కూర్చుంటాడు, రెండు చుక్కలు పోసి బయటికొస్తాడు, ఐదు నిమిషాలకు మళ్లీ వెళ్తాడు. ఒక్కోసారి బాత్రూమ్ టైల్స్ మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. తీసుకెళ్లిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాస్తున్నారు, వారంలో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తిండి మొదట్నుంచీ డ్రై ఫుడ్డే, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచుతాం. ఇంతకంటే బలమైన యాంటీబయాటిక్ ఏదైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: బలమైన యాంటీబయాటిక్ సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మగపిల్లికి మూత్రనాళం చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. వాపు వల్ల వచ్చే జిగురు, సన్నటి ఇసుకలాంటి క్రిస్టల్స్ కలిసి అక్కడ అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. చింటూ ముక్కుతున్నాడు, అరుస్తున్నాడు, కానీ ఒక్క చుక్క కూడా రావడం లేదు అనిపిస్తే అది అర్ధరాత్రి అయినా సరే బయల్దేరాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. లోపల ఆగిన మూత్రంతో రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దాంతో గుండె లయ తప్పుతుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. వాంతులు మొదలవడం, తిండి మానేసి మంచం కింద నక్కడం, పొట్ట కింది భాగం ముట్టుకుంటే నొప్పితో కరవబోవడం, ఇవన్నీ ఆలస్యమైపోతోందని చెప్పే గుర్తులు. చాలామంది ఆ ముక్కుడు చూసి మలబద్ధకం అనుకుని ఆముదం పడుతుంటారు, ఆ పూట అలా గడిచిపోతుంది. పొట్ట నొక్కి మూత్రం రప్పించాలని కూడా చూడకండి, నిండిన మూత్రాశయం పగిలే ప్రమాదం ఉంది. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల మీ ఊళ్లో ఏదో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. పదేళ్ల లోపు పిల్లులు ఇలాంటి లక్షణాలతో వస్తే వాటిలో సగానికి పైగా కేసుల్లో ఎంత వెతికినా బ్యాక్టీరియా దొరకదు, రాయీ దొరకదు. మూత్రాశయం లోపలి పొర వాచి, చిట్లి, రక్తం వస్తుంది, అంతే. దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్, అంటే కారణం తెలియని మూత్రాశయ వాపు అంటాం. నిజంగా బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్ వయసులో ఉన్న పిల్లుల్లో తక్కువ, పదేళ్లు దాటినవాటిలో, షుగరు గానీ కిడ్నీ జబ్బు గానీ ఉన్నవాటిలో ఎక్కువ. ఈ సిస్టైటిస్‌కున్న గుణం ఏమిటంటే చాలాసార్లు వారం తిరిగేలోపు దానంతటదే సర్దుకుంటుంది. వేసినా వేయకపోయినా తగ్గేదానికి మందు వేస్తే పేరు మందుకే వస్తుంది, మీ ఇంట్లో జరిగింది కూడా అదే అయ్యుండొచ్చు. అయితే ఊహతో తేల్చేయకూడదు కాబట్టి ఈసారి వచ్చినప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందో లేదో చూసే పరీక్ష చేయించండి. శాంపిల్ లిట్టర్ బాక్స్‌లోంచి తీసినది కాకుండా, స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదితో మూత్రాశయం నుంచి తీసినదై ఉండాలి. వినడానికి భయంగా ఉంటుంది గానీ చాలా పిల్లులు మామూలు ఇంజెక్షన్‌లాగే తట్టుకుంటాయి. అదే స్కానింగ్‌లో రాళ్లున్నాయో లేవో కూడా చూస్తారు. కల్చర్‌లో ఏదైనా పెరిగితే అప్పుడు దానికి సరిపోయే యాంటీబయాటిక్ వాడదాం. ఏమీ పెరగకపోతే ఇంకో కోర్సుతో ఒరిగేదేమీ లేదు, పైగా నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకుండా పోవచ్చు.

దానంతటదే తగ్గుతుంది అన్నానని పిల్లికి బాధ లేదనుకోకండి. చాలా నొప్పిగా ఉంటుంది. అందుకే డాక్టర్ గారిని మీరే అడగండి, నొప్పికి ఏమైనా ఇస్తారా అని. మనుషుల మాత్ర మాత్రం ఇంట్లోంచి తీసి ఇవ్వొద్దు. పారాసెటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు, ఒక్క మాత్రతో చనిపోయే పిల్లులున్నాయి.

మళ్లీ మళ్లీ రాకుండా చేసేది నీళ్లు. పెంపుడు పిల్లి వంశం ఎడారి ప్రాంతపు అడవిపిల్లి నుంచి వచ్చింది. దానికి కావలసిన నీళ్లు చాలావరకు తినే ఎలుకలోనే దొరికేవి, కాబట్టి దాహం తక్కువ, మూత్రం చిక్కగా చేసుకోవడం దాని ఒంటికి అలవాటు. అలాంటి జంతువుకు రోజూ పదో వంతు కూడా తడి లేని డ్రై ఫుడ్ పెడుతున్నాం. పౌచ్‌లో, డబ్బాలో వచ్చే వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం నీళ్లే. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలో నీళ్లు ఎక్కువే తాగుతుంది, నిజమే, కానీ మొత్తం లెక్క చూస్తే వెట్ ఫుడ్ తినే పిల్లికి అందినంత అందదు. కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్లు, తిండిలో ఉన్నదీ తాగేదీ అన్నీ కలిపి, అనుకోండి. ఎక్కువ నీళ్లు వెళ్తే మూత్రం పల్చబడుతుంది, మూత్రాశయం తరచూ ఖాళీ అవుతుంది, రాపిడి కలిగించేవి లోపల నిలవ ఉండవు.

ఒక్కసారిగా మార్చొద్దు, పిల్లి మొండికేస్తుంది. పాత తిండి పక్కనే చెంచాడు వెట్ ఫుడ్ పెట్టి, పదిరోజుల్లో మెల్లగా పెంచండి. పౌచ్ తింటున్నాడంటే దాంట్లోనే ఒకటి రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు కలపండి, వాసన లేస్తుంది కాబట్టి ఇంకా ఇష్టంగా తింటాడు. పూర్తిగా వెట్ ఫుడ్ పెట్టే ఖర్చు భరించలేకపోతే రోజులో ఒక పూటైనా అదే పెట్టండి, ఆ ఒక్క పూటా తేడా చూపిస్తుంది. నీళ్లగిన్నెలు ఇంట్లో రెండు మూడు చోట్ల ఉంచండి, మీసాలు అంచుకు తగలనంత వెడల్పువి, స్టీలువి గానీ పింగాణీవి గానీ, లిట్టర్ బాక్స్‌కు దూరంగా. మీ బెజవాడ ఎండల్లో పూటపూటా మార్చాలి. ఎముకలు తీసేసిన చికెన్ ఉడికించిన నీళ్లు చల్లార్చి పోస్తే చాలా పిల్లులు గిన్నె నాకేస్తాయి, కానీ అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, కూరకోసం ఉడికించిన దాంట్లోంచి తీసి పోయకండి.

పని చేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? గడ్డకట్టే లిట్టర్ వాడుతుంటే తీసేటప్పుడు ఆ గడ్డలు చూడండి. నీళ్లు బాగా వెళ్తుంటే నాలుగైదు రోజుల్లో గడ్డలు పెద్దవవుతాయి. మళ్లీ జబ్బు మొదలవుతుంటే శనగగింజంత చిన్న గడ్డలు ఎక్కువగా కనబడతాయి, రక్తం కంటికి కనబడేలోపే. ల్యాబ్‌లో అయితే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ చూడమనండి, 1.035 కన్నా తక్కువకు తేవాలన్నది మన లక్ష్యం.

ఆరు కిలోలు దాటాడంటే బహుశా బరువు ఎక్కువే. కదలకుండా కూర్చునే లావు పిల్లులకు ఈ జబ్బు ఎక్కువ. గిన్నె నిండుగా ఉంచడం మానేసి కొలిచి రోజుకు మూడు పూటలు పెట్టండి. పస్తు మాత్రం పెట్టొద్దు, లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది కొట్టిపారేస్తారు, నేను మాత్రం మందులకంటే ముందు అడుగుతాను: ఇంట్లో ఏం మారింది? అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో పిల్లి ఉండే పరిసరాలను దానికి తగ్గట్టు మార్చినప్పుడు ఈ లక్షణాలు బాగా తగ్గాయి. ఈ పిల్లుల శరీరం ఒత్తిడికి మూత్రాశయంతో స్పందిస్తుంది. దీపావళి టపాసులు, ఇంటికి రంగులు వేయించడం, సంక్రాంతికి వచ్చిన చుట్టాలు, పిట్టగోడ మీద కూర్చుని కిటికీలోంచి తొంగిచూసే వీధి గండుపిల్లి, ఏదైనా కావచ్చు. ఈసారి జబ్బు వచ్చిన తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి, ముందు వారం ఏం జరిగిందో పక్కన రాయండి, చాలా ఇళ్లలో కారణం అక్కడే దొరుకుతుంది. దాక్కోవడానికి ఓ అట్టపెట్టె, ఎక్కి కూర్చోవడానికి బీరువా మీద ఓ దుప్పటి, రోజూ ఒకే వేళకు కాసేపు ఆట, ఇవి ఖర్చులేనివి. లిట్టర్ బాక్సులు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి, అంటే మీకు రెండు, వేర్వేరు చోట్ల, మూత లేనివి, సువాసన కలపని లిట్టర్‌తో, రోజూ తీసి శుభ్రం చేస్తూ. పక్కమీద పోశాడని కొట్టకండి, తిట్టకండి. పొగరుతో చేసింది కాదది. బాక్స్‌లోకి వెళ్లినప్పుడల్లా నొప్పి పుడుతోంది, అందుకే ఆ చోటంటేనే భయపడుతున్నాడు.

ప్రశ్న: మేం శాకాహారులం. మా ఆడపిల్లికి పెరుగన్నం, పాలు, అప్పుడప్పుడు డ్రై ఫుడ్ పెడతాం. మూత్రంలో స్ట్రువైట్ అనే ఖనిజపు క్రిస్టల్స్ అని రిపోర్ట్ వచ్చింది. రాత్రి పట్టిన శాంపిల్ ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు ల్యాబ్‌కు ఇచ్చాం. ఇంట్లో మాంసం వండకుండా దీన్ని తగ్గించుకునే మార్గం ఉందా?
ఓ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ రిపోర్ట్‌ను పక్కనపెట్టండి. చల్లబడిన మూత్రంలో క్రిస్టల్స్ కొత్తగా పుడతాయి, పిల్లి ఒంట్లో లేనివి కూడా సీసాలో కనిపిస్తాయి. తాజా శాంపిల్, వీలైతే గంటలోపే, మళ్లీ చూపించండి. పైగా క్రిస్టల్స్ ఉన్నంత మాత్రాన రాళ్లున్నట్టు కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో కూడా కొన్ని కనిపిస్తాయి. రాళ్ల సంగతి ఎక్స్‌రే, స్కానింగ్ చెప్తాయి.

తిండి విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. పెరుగన్నంతో పిల్లి బతకలేదు. పిల్లి మాంసం మీదే ఆధారపడేలా పుట్టిన జంతువు. అన్నం, కూరగాయల మీద బతికితే మూత్రం క్షారగుణానికి మారుతుంది, స్ట్రువైట్ పేరుకునేది సరిగ్గా అలాంటి మూత్రంలోనే. అది చాలదన్నట్టు టారిన్ అనే పోషకం శాకాహారంలో దొరకదు. టారిన్ తక్కువైతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు చూపించారు, ఆ తర్వాతే క్యాట్ ఫుడ్ కంపెనీలు టారిన్ పెంచాయి. పాలు కూడా మానేయండి, పెద్ద పిల్లులు చాలావాటికి పడవు, విరేచనాలవుతాయి. మాంసం మీరు వండనక్కర్లేదు. పిల్లికి కావలసినవన్నీ ఉన్నాయని రాసిన వెట్ ఫుడ్ పౌచ్ తెచ్చి, ప్రత్యేకంగా ఓ గిన్నె, ఓ చెంచా బాల్కనీలో పెట్టుకుని వడ్డించండి. ఎన్నో శాకాహార కుటుంబాలు అలాగే చేస్తున్నాయి.

నిజంగానే స్ట్రువైట్ రాళ్లని తేలితే సంతోషించాల్సిన మాట ఒకటుంది, అవి కరిగిపోతాయి. డాక్టర్ రాసే యూరినరీ డైట్, అంటే మూత్ర సమస్యల కోసం తయారుచేసిన ప్రత్యేక తిండి పెడితే సాధారణంగా కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండా పోతాయి. షరతేమిటంటే అదొక్కటే పెట్టాలి. పైన రెండు బిస్కెట్లు, నానమ్మ గారు చాటుగా పెట్టే పెరుగన్నం కలిస్తే ఫలితం రాదు. ఇంకో రకమైన కాల్షియం ఆక్సలేట్ రాళ్లు మాత్రం ఏ తిండికీ కరగవు, తీయించాల్సిందే. అందుకే మూత్రం ఆమ్లంగా మారాలని నిమ్మరసం, వెనిగర్, విటమిన్ సి మాత్రలు సొంతంగా ఇవ్వొద్దు. అతిగా ఆమ్లమైతే ఆక్సలేట్‌కు దారి ఇచ్చినవాళ్లమవుతాం. యూరినరీ డైట్ కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లే, మధ్యమధ్య మూత్రం పరీక్ష చేయిస్తూ వాడాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఎవరికి రాళ్లొచ్చినా కొండపిండి ఆకు కషాయం, బార్లీ నీళ్లు తాగుతాం. పిల్లికి పట్టొచ్చా?
ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కషాయం వద్దు. పిల్లి కాలేయం మనలా పనిచేయదు, మనకు మేలు చేసిందని దానికి ఇవ్వలేం. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, పైగా నొప్పితో ఉన్న జంతువును పట్టుకుని పెనుగులాడటం దాని ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. బార్లీ నీళ్లలో విషమేం లేదు, కానీ దాంట్లో మేలు చేసేది నీళ్లే. ఆ నీళ్లేవో వెట్ ఫుడ్‌లో కలిపి పెట్టండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. మా మగపిల్లికి మూత్రం మూసుకుపోయి రెండుసార్లు కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నటి గొట్టం) వేశారు. మళ్లీ వస్తే పెరీనియల్ యురెత్రాస్టమీ అనే ఆపరేషన్ చేద్దామంటున్నారు. అమ్మానాన్నలేమో ఫోన్‌లో వద్దంటున్నారు. చేయించమంటారా?
ఓ పాఠకుడు

జవాబు: మీ డాక్టర్ చెప్పేది సరైన దారిలోనే ఉంది. ఆ ఆపరేషన్‌లో మూత్రనాళంలోని సన్నటి చివరి భాగాన్ని తీసేసి వెడల్పైన చోట ద్వారం ఏర్పరుస్తారు, మళ్లీ మూసుకుపోయే అవకాశం బాగా తగ్గుతుంది. కానీ మూత్రాశయం వాపు జబ్బు పోదు, రక్తం, ముక్కుడు మళ్లీ రావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు ముందుకంటే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. పైన విజయవాడ అమ్మగారికి చెప్పిన నీళ్లు, తిండి, ఇంటి వాతావరణం సంగతులు మీరు ఇప్పటిదాకా గట్టిగా పాటించి ఉండకపోతే వెంటనే మొదలుపెట్టండి, చాలా పిల్లులకు ఆపరేషన్ దాకా వెళ్లే పనే ఉండదు. పాటిస్తున్నా మూడోసారి మూసుకుపోతే చేయించేయండి. అమ్మానాన్నలకు ఒక్కటి చెప్పండి: మూసుకుపోయిన ప్రతిసారీ కిడ్నీలకు దెబ్బ తగులుతుంది, ఏదో ఓసారి మీరు ఆఫీసులో ఉన్నప్పుడు జరిగితే సమయానికి చూసేవాళ్లుండరు. ఆపరేషన్ అయ్యాక కుట్లు మానేదాకా మెడకు కాలర్ ఉంచాలి, మామూలు లిట్టర్ గింజలు పుండుకు అంటుకుంటాయి కాబట్టి అన్నాళ్లూ బాక్స్‌లో కాగితం ముక్కలు వేయండి.