కన్నమే కదా పడింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అద్దె ఇల్లు, జీతం చాలీచాలకుండా ఉంది, పాడైన వస్తువులు బాగుచేసుకుంటూ పోవడం లాభమా, లేక అన్నీ తీసి పారేసి తక్కువ సామానుతో బతకడం లాభమా అని అడిగారు. చివర్లో, ఇడ్లీకి పప్పు రుబ్బుతుంటే మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోయింది, కొత్తది కొనేయాలా అని కూడా రాశారు. మిక్సీ సంగతి ఆఖర్న చెబుతాను.

నన్నడిగితే మీరు చెప్పిన రెండు దారులూ ఒకటే. మన ఇళ్లలో అటకల మీద పేరుకున్నదాంట్లో ముప్పాతిక వంతు చెత్త కాదు. రేపు బాగుచేయిద్దాం, ఎల్లుండి చూద్దాం అని పైకెక్కించిన సామాను. పది నిమిషాల పని వాయిదా పడి పడి పదేళ్ల బరువవుతుంది. మా అమ్మ ఇంట్లో, అత్తగారింట్లో, మా చెల్లి ఇంట్లో అటకలు దగ్గరుండి దింపించాను. మూడు చోట్లా ఇదే చూశాను.

మాది విశాఖపట్నం, పెద్దవాల్తేరు. సముద్రపు గాలికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇనుము ఎలా పోతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తాళం కప్ప, కిటికీ మడతబందు, గేటు గొళ్లెం, గ్యాస్ బండ కింద పెట్టే స్టాండు, ఏదీ మిగలదు. మా నాన్న సింధియా షిప్‌యార్డులో ఫిట్టరు. 1948లో నెహ్రూ సముద్రంలోకి దింపిన ‘జల ఉష’ ఓడకి పనిచేసిన పెద్దవాళ్ల చేతికింద పని నేర్చుకున్న మనిషి. ఇంటి గేటుకి రంగు వేసినా ఓడకి వేసినంత శ్రద్ధగా వేసేవారు. ఉప్పుకాగితంతో తుప్పు గీకాలి, మంచినీళ్లతో కడగాలి, బాగా ఎండాక రెడాక్సైడు (తుప్పు పట్టకుండా రంగుకి ముందు వేసే ఎర్ర పూత) పుయ్యాలి, అది ఆరాకే రంగు. ఉప్పు కడగకుండా పైన రంగు పూస్తే లోపల్నుంచి బుడగలు లేచి రేకులు రేకులుగా ఊడిపోతుందమ్మా అనేవారు. మా వీధిలో వాళ్లు రెండేళ్లకోసారి గేటుకి రంగు వేయించుకుంటుంటే మాది ఆరేడేళ్లు చెక్కుచెదరకుండా ఉండేది. తాళాలకి కొబ్బరినూనె వేస్తే మాత్రం నాన్న ఊరుకునేవారు కాదు. కొన్నాళ్లకది జిగురుపడి, దుమ్ము పట్టి, తాళం ఇంకా బిగుసుకుపోతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు.

ఇదంతా చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను కానీ దీని విలువ నాకు తెలిసింది హుద్‌హుద్ తుపానుకి.

2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నించీ గాలి తలుపుల్ని గుద్దుతూనే ఉంది. మధ్యలో కాసేపు ఒక్కసారిగా ఆగిపోయి, అయిపోయిందనుకునేలోపు రెండో వైపు నుంచి మళ్లీ మొదలైంది. మర్నాడు తలుపు తీస్తే వీధిలో చెట్టనేది నిలబడి లేదు. కరెంటు స్తంభాలు పడుకున్నాయి. మేడ మీద ట్యాంకు మూత ఎటుపోయిందో తెలీదు. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్లు లేవు. పాల పాకెట్టు, మంచినీళ్ల క్యాను ఆ వారం ఎంతకి అమ్మారో అప్పుడు ఇక్కడున్నవాళ్లకి ఇంకా గుర్తుంటుంది.

మా పెరట్లో నుయ్యి ఉంది. పైన ఇనప జాలీ వేసేసి, మోటారు పెట్టి మొక్కలకి తోడుకునేవాళ్లం. చేత్తో తోడి పదిహేనేళ్లయింది. గిలక, చేద అటక మీద ఉన్నాయి. గిలకేమో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చేదకి అడుగున చిటికెనవేలు పట్టేంత కన్నం. ప్లాస్టిక్ బకెట్టు నూతిలోకి వదిలితే తేలుతుంది తప్ప మునగదు, చేద ఉండాల్సిందే.

ఆ ఏడాది సంక్రాంతి ముందే ఆ చేదని పాత ఇనప సామాన్ల బండికి వేసేద్దామని నేను గుమ్మందాకా తెచ్చాను. నాన్న చూసి, “కన్నమే కదా పడింది, చేద పోలేదు కదా, పారేత్తావేటి?” అని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ అటకెక్కించారు. అంతే, మళ్లీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను పారేయనూ లేదు, ఆయన బాగుచేయనూ లేదు. తుపాను వచ్చేసరికి తొమ్మిది నెలలు అలాగే పడి ఉంది.

ఆ సోమవారం మధ్యాహ్నం నాన్న తన పనిముట్ల పెట్టె దింపమన్నారు. అప్పటికే ఆయనకి చేతులు వణుకుతున్నాయి, స్పానరు పట్టు దొరకడం లేదు. ఆయన పీట మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. ముందు గిలకని కిరసనాయిలు పోసిన బేసినులో నానబెట్టాం. తర్వాత చేద. కన్నం చుట్టూ తుప్పు తిన్న రేకు పల్చగా, గోటితో నొక్కితే విరిగేలా ఉంది. గట్టి రేకు తగిలేదాకా ఆ అంచంతా కత్తిరించి, ఆకురాయితో గుండ్రంగా రాయమన్నారు. కన్నం ఇంకాస్త పెద్దదైపోతుంటే నాకు కంగారు. పెద్దదైనా పర్వాలేదు, అంచు గట్టిగా ఉండాలన్నారు. పాత సైకిలు ట్యూబు కోసి పాత రూపాయి బిళ్లంత ముక్కలు రెండు, అంతే వెడల్పు వాషర్లు రెండు, ఒక బోల్టు, ఒక నట్టు. లోపల్నుంచి బోల్టు, వాషరు, రబ్బరు. బయట్నుంచి రబ్బరు, వాషరు, నట్టు. బిగిస్తూ ఉంటే రబ్బరు అంచు కొంచెం ఉబ్బింది. “ఆపు. ఇంకో చుట్టు తిప్పావంటే రబ్బరు చిరుగుతాది” అన్నారు. నేను ఆపాను.

ఇంట్లో మిగిలింది ఒక్క డ్రమ్ముడు నీళ్లు. అందులోంచి ఒక చెంబుడు చేదలో పోసి, అడుగున పాత పేపరు పరిచి పెట్టాం. నాన్న, అమ్మ, నేను, మా ఆయన, నలుగురం ఆ పేపరు చుట్టూ కూర్చున్నాం. పావుగంట తర్వాత నాన్న చేద ఎత్తి పేపరు మీద అరచెయ్యి పెట్టి చూశారు. పొడిగా ఉంది. ఆయన ఏమీ అనలేదు, స్పానరు తుడిచి పెట్టెలో దాని చోట దాన్ని పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న గిలకని చెక్కసుత్తితో మెల్లగా తడితే ఇరుసు వెంట్రుకవాసి కదిలింది. నూనె చుక్కలు వేస్తూ, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ గంట కష్టపడితే పూర్తిగా తిరిగింది. బట్టలారేసే నైలాను తాళ్లు మూడు పేనితే చేంతాడు. మా వీధిలో కరెంటు ఎనిమిదో రోజుకి వచ్చింది. అన్నాళ్లూ మా పెరట్లో బిందెలు వరసలో ఉండేవి. పక్కింటి పిన్నిగారు తెల్లవారుజామున నాలుక్కే వచ్చేవారు. ఎదురింటి బాబాయిగారికి మూడంతస్తుల మేడ, నాలుగు బాత్రూములు, రెండు మోటార్లు. ఆయన కూడా ఆ చేదతోనే తోడుకున్నారు. ఒక బోల్టు, రెండు వాషర్లు, సైకిలు ట్యూబు ముక్క. ఖర్చు సున్నా.

మరమ్మతుకి టైమ్ వేస్టు అని ఎవరైనా అంటే నాకు ఆ పేపరే కళ్లముందుకొస్తుంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. ఏ పాడైన వస్తువూ ఉత్తినే అటకెక్కకూడదు. ఏం పాడైంది, ఏ తారీఖున, ఏ పార్టు కావాలి, చీటీ రాసి దారంతో కడతాను. భోగికి పదిరోజుల ముందు అటక దింపుతాం. చీటీ ఉన్నవాటిని ఆ పదిరోజుల్లో బాగుచేస్తామా సరే, లేదంటే బండికి వేసేయడమే. అప్పుడు బాధ కూడా ఉండదు, మనం అవకాశం ఇచ్చాం కదా. బాగున్నా మనం వాడని వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తాం. ఇచ్చేముందు మాత్రం బాగుచేసే ఇవ్వాలి. బొత్తాలూడిన చొక్కా, జిప్పు పోయిన సంచి పనావిడ చేతిలో పెట్టి సాయం చేశాననుకోవడం నాకు నచ్చదు. ఐదు నిమిషాలు కూర్చుని బొత్తాలు కుట్టి ఇస్తే ఆవిడ పిల్లాడు ఆ రోజే వేసుకుంటాడు.

భోగి అంటే గుర్తొచ్చింది. ఈమధ్య మంటల్లో ఏం వేస్తున్నారో చూస్తున్నారా? టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు. ఆ నల్లపొగ పసిపిల్లలు పీలుస్తున్నారు. పోయినేడు మా సందు చివర టేకు కుర్చీ ఒకటి వేయబోతుంటే నేను అడ్డంపడి తెచ్చుకున్నాను. దానికి వచ్చిన లోపమల్లా ఒక కాలు వదులు. పాత జిగురు గీకి, ఫెవికాల్ రాసి, తాడుతో బిగించి కట్టి ఒక రాత్రంతా ఉంచాను. ఇది రాస్తున్నది ఆ కుర్చీలో కూర్చునే.

ఇల్లు ఖాళీ చేయడం ఎలాగో చెప్పే వీడియోలంటే నాకు కోపం. సామాను తగ్గించుకోమంటూ మొదలుపెట్టి, సర్దుకోవడానికి పది రకాల డబ్బాలు కొనుక్కోమంటారు. మన అమ్మమ్మలు నేత చీర చిరిగితే మాసిక వేసేవారు, ఇంకా చిరిగితే నాలుగు చీరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవారు, బొంత కూడా పోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఇంకో కోపం, “పార్టు రాదండి, కొత్తది తీసుకోండి” అనేవాళ్ల మీద. రెండేళ్ల క్రితం మే నెలలో, ఆ ఉక్కపోతలో, మా హాల్లో ఫ్యాను నీరసంగా తిరగడం మొదలుపెట్టింది. చేత్తో తోస్తే గానీ కదలదు. వచ్చినతను కిందనుంచే చూసి, మోటారు పోయింది, వైండింగుకి, అంటే లోపలి తీగ మళ్లీ చుట్టడానికి, 800 అవుతుంది, అంతకన్నా కొత్తది మేలు అన్నాడు. తోస్తే తిరుగుతోందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్ని, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే చిన్న డబ్బాని. మామూలు సీలింగ్ ఫ్యానుకి 2.5 మైక్రోఫారడ్ ది ఉంటుంది. పూర్ణామార్కెట్ పక్క వీధిలో 70 రూపాయలకి తెచ్చి, మెయిన్ ఆపేసి, మా ఆయన స్టూలు పట్టుకుంటే నేను మార్చాను. అదే ఫ్యాను ఇప్పటికీ నా నెత్తిమీద తిరుగుతోంది. ఆ అబ్బాయికి తెలియకనా? ఒక్క నిమిషం విప్పి చూసే ఓపిక లేక.

తయారుచేసేవాళ్లదీ తప్పుంది. మన స్క్రూడ్రైవరుకి అందని మరలు, అంటించేసిన బ్యాటరీలు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ అని ఒక పోర్టల్ పెట్టింది. కంపెనీలు తమ వస్తువుల మరమ్మతు వివరాలు, విడిభాగాల సమాచారం అందులో పెట్టాలని దాని ఉద్దేశం. మంచి ఆలోచన. అది మన కాలనీ మెకానిక్ కొట్టుదాకా రావాలని నా కోరిక.

అన్నిటికీ చెయ్యి పెట్టమని నేననను. గ్యాస్ రెగ్యులేటరు, గీజరు జోలికి నేను పోను, మీరూ పోవద్దు. కానీ కుళాయి కారుతుంటే ఎందుకు చూస్తూ కూర్చోవాలి? మా చెల్లి ఇంట్లో వంటింటి కుళాయి కింద లీటరు గిన్నె పెడితే గంటకి నిండింది. అంటే రోజుకి 24 లీటర్లు. దానికి కావాల్సింది పది రూపాయల వాషరు. వాల్వు కట్టేసి, కుళాయి తల విప్పి, పాతది తీసి కొత్తది పెట్టడమే. కొత్తరకం కుళాయిల్లో వాషరు బదులు లోపలి స్పిండిల్ మొత్తం మార్చాలి, అదొక్కటే తేడా. అద్దె ఇల్లయితే ఇంటాయనకి ఒక మాట చెప్పి చేయండి, చాలామంది సంతోషంగా డబ్బులిస్తారు.

ఇక మీ మిక్సీ. పప్పు రుబ్బుతుంటే ఆగిందన్నారు కదా, మోటారు కాలిన వాసన రాకపోతే భయం లేదు. ప్లగ్గు తీసేసి, జారు పక్కన పెట్టి, మిక్సీని తిరగేయండి. చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర మీట ఉంటుంది. బరువెక్కువైతే మోటారు కాలిపోకుండా అదే కరెంటు ఆపేస్తుంది. పావుగంట చల్లారనిచ్చి ఆ మీట లోపలికి నొక్కండి. జారులో పప్పు సగం తీసేసి, కాసిని నీళ్లు పోసి, మళ్లీ వేయండి. మోటారు తిరుగుతూ జారులో బ్లేడు మాత్రం తిరక్కపోతే, జారు పెట్టే చోట ఉన్న కప్లరు పళ్లు అరిగిపోయి ఉంటాయి. అది చాలావాటికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది, మామూలు మరలకి ఇది తిరగబడి ఉంటుంది. పాతది చేత్తో పట్టుకునే కొట్టుకి వెళ్లండి, సైజు తప్పకుండా దొరుకుతుంది. ముందు మాత్రం ఆ ఎర్ర మీట నొక్కి చూసి, ఏమైందో ఇక్కడే రాయండి. పప్పు నానబెట్టి ఉంటే రాత్రికి పాడైపోతుంది, ఇప్పుడే చూడండి.