చెకుముకి చేతిగొడ్డలిని పరిశీలించబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండులో వెస్ట్ ససెక్స్‌లోని బాక్స్‌గ్రోవ్‌లో దొరికిన రాతి పనిముట్లను పరిశీలించే అవకాశం నీకు వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. చేతిగొడ్డలిని, అంటే పిడి లేకుండా చేత్తో పట్టుకుని వాడేలా చెక్కిన రాతి పనిముట్టును, చేతిలోకి తీసుకునే ముందు, చెక్కేటప్పుడు రాలిన పెచ్చులను తెప్పించుకుని చూడు. సుమారు 5,00,000 ఏళ్ల కిందట అక్కడ ఒక గుర్రాన్ని కోసిన చోట పెచ్చులు పడినవి పడినట్టే మిగిలాయి. పరిశోధకులు వాటిని ఒకదానితో ఒకటి జోడించి చూడగా, నడుమ మిగిలిన ఖాళీ చేతిగొడ్డలి ఆకారంలో ఉంది. గొడ్డలి మాత్రం లేదు. మాంసం కోసుకోవడానికి అక్కడికక్కడే దాన్ని చెక్కుకున్నవాళ్లు, పని ముగిశాక పారేయకుండా వెంట తీసుకుపోయారన్నమాట. ఆ మనుషుల ముందుచూపుకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు. అక్కడే 1993లో దొరికిన కాలి ఎముకను సాధారణంగా హోమో హైడెల్‌బర్గెన్సిస్ అనే ప్రాచీన మానవ జాతికి చెందినదిగా భావిస్తారు.

ఇక గొడ్డలి విషయానికి వస్తే, నువ్వు ఇక్కడ చూసిన పనిముట్లు ఎక్కువగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయివి. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మద్రాసు దగ్గర పల్లవరంలో దొరికినది కూడా ఆ రాయే. దాని గరుకు ఉపరితలం మీద దెబ్బల జాడలు అంత తేటగా కనబడవు. చెకుముకి నునుపైన రాయి కాబట్టి, పెచ్చు ఊడిన ప్రతి చోటా దెబ్బ తగిలిన వైపు నుంచి అలల్లా పరచుకున్న గీతలు కనిపిస్తాయి. పెచ్చులు ఊడిన రెండు మచ్చలు కలిసే చోట, చెక్కుచెదరని సరిహద్దు ఉన్నది తర్వాతి దెబ్బ, తెగిపోయినది ముందుది. ఈ వరుసను ఓపికగా పట్టుకుంటే చెక్కినవాళ్ల ఆలోచన నీకు అర్థమవుతుంది. రాతి సుత్తితో కొడితే, దెబ్బ తగిలిన చోటి కింద ఉబ్బు ప్రస్ఫుటంగా ఉన్న మందపాటి పెచ్చులూ, జింక కొమ్ము సుత్తితో కొడితే వెడల్పైన పలుచని పెచ్చులూ రావడం పరిపాటి. బాక్స్‌గ్రోవ్‌లో చెకుముకి తునకలు ఇరుక్కున్న కొమ్ము సుత్తులు కూడా దొరికాయి. వీలైతే వాటిని తప్పక చూడు.

ఫొటోలతో సరిపెట్టుకోక, వెలుగు ఎడమవైపు పైనుంచి పడేలా పెట్టుకుని పెన్సిలుతో బొమ్మ గీయి. గీసేటప్పుడు ప్రతి మచ్చ గురించీ నిర్ణయం తీసుకోక తప్పదు.

నువ్వే రాయి చెక్కి చూడాలనుకుంటే ఆరుబయట కూర్చో, కళ్లద్దాలూ ముఖానికి తగిన మాస్కూ పెట్టుకో, తొడ మీద మందపాటి తోలు పరచుకో. ఇంగ్లండులోని బ్రాండన్ ఊళ్లో పాతకాలపు తుపాకుల్లో నిప్పురవ్వ పుట్టించేందుకు చెకుముకి రాళ్లు చెక్కినవాళ్లు ఎందరో ఆ ధూళి పీల్చి ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. పురాతన స్థలాల దగ్గర మాత్రం ఎన్నడూ చెక్కవద్దు. రాలిన పెచ్చులన్నీ ఏరి, తేదీ వేసిన సంచిలో భద్రపరచు, లేకపోతే రేపు ఎవరో వాటిని పాతవనుకుంటారు.

మొదటి బొమ్మలు పూర్తికాగానే నాకు పంపు. దెబ్బల వరుసను అంకెలతో గుర్తించి మరీ పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న