సిరప్ సీసా ఎక్కడికి పోయింది? (ఒంగోలు అమ్మాయికి ఉత్తరం)

వందనాలమ్మా,

నీ కథ చదివా. రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని కూర్చున్నా, అందుకే జవాబు లేటైంది, ఏమీ అనుకోబాక. బాగుంది బాగుంది అని రెండు ముక్కలు రాసి పంపేస్తే నీకూ నాకూ హాయే గానీ "ఉన్నదున్నట్టు చెప్పండి ఆంటీ" అని నువ్వే అడిగావు కదా, చెప్తున్నా.

నీ కథలో పిల్లోడికి రాత్రి జ్వరం వస్తది, అమ్మానాయనా మంచం పక్కన మోకాళ్ళేస్తారు, తెల్లారేసరికి జ్వరం దిగిపోద్ది, ఆదివారం చర్చి గుళ్ళో అందరి ముందూ దేవుడు చేసిన మేలు చెప్పుకుని సాక్ష్యం చెప్తారు, అయిపోయింది. ఇది కథ కాదమ్మా, సాక్ష్యం. సాక్ష్యం తప్పని నేననట్లా, నేనూ చెప్పినదాన్నే. కానీ గుళ్ళో మైకు ముందు నిలబడితే మనకిచ్చేది రెండు నిమిషాలు, వెనకాల ఇంకో నలుగురు లైన్లో ఉంటారు, అందుకని మధ్యలోదంతా ఎగరగొట్టి జ్వరమొచ్చింది దేవుడు స్వస్థపరిచాడు అని చెప్పేసి దిగిపోతాం. కథ రాసేదానికి నీకా తొందరేంది? నేనడిగేది ఒకటే, ఆ రాత్రి పారాసిటమాల్ సిరప్ ఎక్కడికి పోయింది?

నువ్వు వేసే ఉంటావు. ఫోను టార్చి గడ్డం కింద నొక్కిపెట్టుకుని, మూతలో గీత దాకా మందు పోసి, వాడు పళ్ళు బిగబట్టి సగం చొక్కా మీద ఊసేస్తే, లోపలికి పోయింది ఎంతో బయటికి వచ్చింది ఎంతో తెలీక మళ్ళీ పొయ్యాలా వద్దా అని మీ ఆయన్ని లేపి ఉంటావు. ఆయన నిద్రకళ్ళతో "ప్రార్థన చేద్దాం పా" అంటే "చేద్దాం గానీ ముందు ఇంకాస్త పొయ్యాలా వద్దా చెప్పండి" అని కసిరి ఉంటావు. ఈలోపు మీ అత్తగారు కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి పిల్లోడి నుదుటి మీద రాసి, వేలు తీయకుండా పెదాలు కదుపుతా ఉంటది. మందూ ప్రార్థనా ఒకే చేతిలో ఉంటాయమ్మా మన ఇళ్ళల్లో. మందు సంగతి రాస్తే విశ్వాసం తక్కువైపోద్దని నీకెవరు చెప్పారో గానీ, నువ్వు సిరప్ తీసేసిన చోటే ఆ తల్లి మనిషి కాకుండా పోయింది. గుడికి పొయ్యేవాళ్ళు చదివి ఆమెన్ అనుకుని పక్కన పెడతారు, పోనివాళ్ళు చదివి వీళ్ళు డాక్టరు దగ్గరికి పోరా ఏంది అనుకుని పక్కన పెడతారు, మీ ఇల్లు మాత్రం ఇద్దరికీ కనపడదు.

సరే, తిట్టింది చాల్లే. కథ మధ్యలో నాలుగు లైన్లున్నాయి చూడు, ఆదివారం పొద్దున స్కూటీ మీద నలుగురూ గుడికి పొయ్యేది, దాని కింద నేను రెండు గీతలు గీశా. అదే నీ కథ. దాన్ని నాలుగు లైన్లతో వదిలేశావంటే నీకు దాని విలువ తెలీలేదన్నమాట.

ఆదివారం పొద్దున మన ఇల్లు ఎట్టా ఉంటది? ఆరాధన అయ్యాక పోతే మంచి ముక్క మిగలదని ఆయన ఆరింటికే మాంసం కొట్టు కాడ నిలబడతాడు. కుక్కర్ పెట్టి, విజిల్స్ లెక్కబెట్టుకుంటా పాపకి జడలేస్తా ఉంటావు, మధ్యలో పిల్లోడు ఒక సాక్సుతో వచ్చి రెండోది లేదంటాడు. తెల్ల చొక్కా మీద ఇడ్లీ చట్నీ పడితే మార్చేదానికి ఇంకో తెల్ల చొక్కా లేదు, తడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద నిలబెడతావు. బైబిలు జిప్పు కవరు పట్టదు, అందులో బైబిలొక్కటే అయితేగా, పిల్లల టీకాల కార్డు, కరెంటు బిల్లు, పోయిన జనవరి ఒకటో తారీకున గుళ్ళో తీసిన, బైబిలు వాక్యం రాసున్న వాగ్దానం కార్డు, అన్నీ దాంట్లోనే. పిల్లోడి చేతిలో కానుక వెయ్యమని పది రూపాయల నోటు పెడితే వాడు దాన్ని మడతలు పెట్టి పెట్టి "అమ్మా, చిల్లరిస్తారా?" అంటాడు. ఇది చిన్నపిల్లోడి తమాషా అని నవ్వుకుని పోయేది కాదు, ఆ నోటు సంచిలో పడేటప్పుడు వాడి మొహం ఎట్టా ఉందో రాయి, అంతే, నువ్వు దానికి అర్థం చెప్పబాక.

గుడికి చేరేసరికి మూడో పాట నడుస్తా ఉంటది. చివర్లో, చెప్పుల పక్కన చాప మీద చోటు. ప్రసంగం మొదలయ్యిందో లేదో చిన్నోడు ఏడుపందుకుంటాడు, నాలుగు తలకాయలు వెనక్కి తిరుగుతాయి, నువ్వు వాణ్ణి చంకనేసుకుని బయటికొస్తావు. ఆ వేపచెట్టు కింద నీలాంటోళ్ళు ఇంకో ముగ్గురు. లోపల పాస్టరు అయ్యగారు మైకు బాక్సులో చెప్తా ఉంటాడు, బయట స్కూలు ఫీజులూ ఎవరింట్లో అమ్మవారు పోసిందీ ఎవరి పాప మాటలు లేటూ నడుస్తా ఉంటాయి, మధ్యమధ్యలో ఒక వాక్యం చెవిన పడితే అందరూ ఆగి ఆ వాక్యం విని మళ్ళీ మొదలుపెడతారు. పెళ్ళయ్యి పిల్లలు పుట్టిన కాడ్నుంచి ఆడమనిషి వినే ప్రసంగాలన్నీ సగం సగమే. ఇంటికొచ్చి "ఏం చెప్పాడు అయ్యగారు?" అని ఆయన్ని అడిగితే ఆయన లోపల ఫ్యాను కింద కునుకు తీసి వచ్చుంటాడు. ఇవి రాయమ్మా. ఇది మన గుడిని ఎగతాళి చెయ్యడం అనుకునేవాళ్ళు ఉంటారు, అనుకోనీ. చెట్టు కింద నిలబడి సగం వాక్యం విని దాన్నే వారమంతా మోసుకుని తిరిగే ఆడమనిషిని చూపిస్తే భక్తి గురించి నువ్వు వేరే మాట రాసే పన్లేదు.

ఇంకోటి. మన మొగోళ్ళు ప్రార్థనలో మాట్లాడే తీరు వేరు కదా, అది నీ కథలో పట్టుకోలా. "ఏరా ఎదవా ఆ రిమోటు ఇట్టా ఇయ్యి" అని అరిచిన నాయనే టీవీ కట్టేసి కళ్ళు మూసుకోగానే "కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ దినమంతయు మమ్మును కాచి కాపాడితివి" అని అందుకుంటాడు. నీ కథలో ఆయన జ్వరమొచ్చిన రాత్రి పెళ్ళాంతో కూడా ఇదే ధోరణిలో మాట్లాడుతున్నాడు, ఏ మొగుడు మాట్లాడతాడమ్మా అట్టా! రెండు గొంతులూ ఉండాల, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారే ఆ అర నిమిషం ఉండాల. ఆయన వేషాలేస్తున్నాడని కాదు నేను చెప్పేది, వాళ్ళ తాత ప్రార్థనలో విన్న మాటలవి, ఆయనకి దేవుడితో మాట్లాడేదానికి వేరే మాటలు రావు. ఏ రోజో బాగా దెబ్బతిన్న రోజు మాత్రం ఆ భాష ఊడిపోయి "నాయనా నా వల్ల కాట్లా" అంటాడు చూడు, కథకి అది కావాల.

పిల్లల ప్రార్థనలకి పెద్ద మాటలు అంటించబాక. నీ కథలో యూకేజీ పిల్లోడు "ప్రభువా నీ చిత్తమే జరగాలి" అంటాడు. వాడెక్కడంటాడు, "యేసయ్యా రేపు మా మిస్సు రాకూడదు" అంటాడు, లేదంటే ఆమెన్ దాకా ఆగలేక మధ్యలోనే ఒళ్ళో నిద్రపోతాడు. కుటుంబ ప్రార్థనలో కళ్ళు తెరిచి ఉండేది ఇద్దరే, చిన్నపిల్లలూ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన తల్లీ. రాసే మనిషి కూడా కళ్ళు తెరిచే కూర్చోవాల, ఇంటి పెద్దాయన చూస్తే కోప్పడతాడు, అయినా తప్పదు.

ఉత్తరం చివర్లో రాశావు కదా, ఇంటి సంగతులు చిన్నవి, 1878లో మన కాడ జరిగిన పెద్ద బాప్తిస్మాల గురించి నవల రాయాలని ఉందని. రాయి, ఎవరొద్దన్నారు. కానీ అది నీ వంటింటికి దూరంగా ఉన్న సంగతి అనుకుంటున్నావు చూడు, ఆడే తేడా. ఒంగోలు ప్రార్థన కొండ మీదికి 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున ఎక్కింది ఐదుగురు, నెల్లూరు మిషను జ్యూయెట్ దొరా, దొరసానీ, మనోళ్ళు ముగ్గురు, నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. కొండ ఎక్కిన సంగతి అందరూ చెప్తారు, ఆ చలిలో ఆ ప్రయాణానికి ఎవరు ఏం వండి మూటగట్టారో ఎవరూ చెప్పరు. తర్వాత 1876 నుంచి కరువు. ఒంగోలు మిషను క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది మళ్ళీ మొదలుపెట్టాక 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరు. అంకెలు రాయడం తేలికే. నువ్వు నవలే రాస్తే ఒడ్డున కూర్చో. తడి బట్టలతో పైకొచ్చిన తల్లి చంటిబిడ్డని ఎవరి చేతికిచ్చి దిగింది, కరువులో చిక్కిపోయిన పిల్లలు ఆ రోజు మధ్యాన్నం ఏం తిన్నారు, ఇవి నీకు తెలిసినంత బాగా ఆ లెక్కలు రాసిన దొరలకి తెలీదు. వాళ్ళల్లో ఎక్కువ మంది మాదిగపల్లెల వాళ్ళు, ఆ సంగతి దాచిపెట్టి "గ్రామస్తులు" అని మెత్తగా రాయబాక, నీ కథలో కూడా మీ వీధి ఏ వీధో చెప్పకుండా దాటేశావు, నేను చూశా. ఎందుకు దాటేశావో కూడా నాకు తెలుసులే. అయినా రాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తా. స్త్రీల కూడికలో చెప్పుకునే ప్రార్థన మనవులు నీ కథల్లోకి తేబాక. ఒకామె మొగుడి తాగుడు గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పుకుంటే పదిమంది ఆమె తల మీద చేతులేసి ప్రార్థన చేశారు, నువ్వు వాళ్ళల్లో ఒకదానివి. పేరు మార్చా ఊరు మార్చా అంటావు, నూట యాభై గడపల సంఘంలో పేరు మారిస్తే ఏమవుద్ది, మూడో లైనుకే పట్టేస్తారు, ఆమె మళ్ళీ కూడికకి రాదు. ఆ నొప్పి నీలో ఉండనియ్యి, ఏళ్ళు గడిచాక అది వేరే మనిషిగా, వేరే ఇంట్లో, నువ్వే గుర్తుపట్టలేనంతగా బయటికొస్తది. మీ పిల్లల సంగతీ అంతే, పాప మూడో తరగతి అన్నావు, ఇంకో నాలుగైదేళ్ళకి నీ కథలు చదువుద్ది, పక్క తడిపిన సంగతి అందులో ఉంటే నీతో మాట్లాడదు.

పాస్టరు గారిని నువ్వు దేవదూతని చేశావు, ఈమధ్య చాలామంది దొంగని చేస్తున్నారు, రెండూ సులువే. పాస్టరమ్మగారికీ చిన్నపిల్లలున్నారు, రాత్రి పదకొండింటికి ఎవరింట్లో గొడవైనా ఫోను వచ్చేది ఆ ఇంటికే, పొద్దున్నే ఆమెకీ క్యారేజీలు కట్టాల్సిందే. ఆమెని ఒక కథలో పెట్టి చూడు.

టైము లేదు టైము లేదు అని ఉత్తరమంతా రాశావు. ఉండదమ్మా, చిన్నపిల్లలున్న ఇంట్లో ఎవరికుంటది. నువ్వు సచివాలయంలో డ్యూటీ చేసి, ఆయన చీమకుర్తి క్వారీ నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చేసరికి అన్నం వండి, హోంవర్కులు చేయించి, కంఠత వాక్యం అప్పజెప్పించుకుని, అప్పుడు కూర్చుని రాయాలంటే కలం పట్టుకునే నిద్రపోతావు. కూర్చునే టైము కోసం చూడబాక. స్కూలు ఆటో కోసం గేటు కాడ నిలబడ్డప్పుడు ఫోనులో ఒక మాట, ఒక్కటే, ఎవరో అన్న మాట అన్నట్టే కొట్టి పెట్టుకో. అత్తగారు కోడి గురించి అన్నదైనా సరే. రాత్రి నిద్రపట్టనప్పుడు కాదు, శనివారం మధ్యాన్నం పిల్లలు పడుకున్న ముప్పావుగంటలో వాటిని కలుపు. మీ ఆయన్ని ఆ ముప్పావుగంట గిన్నెలు తోమమను, యేసయ్య కాడ మరియ కూర్చుని వింటా ఉంటే మార్త ఇంటి పనంతా చేసిన కథ గుళ్ళో ఎన్నిసార్లు విన్నాడు, ఒకసారి మార్త పని చేసి చూడమను. నేను చెప్పానని చెప్పు.

ఇప్పుడు వెంటనే తిరగరాసే పని పెట్టుకోబాక, డిసెంబరు వస్తా ఉంది, ఆ నెల నీకు ఊపిరాడదు. స్టారు కట్టాల, సెమీ క్రిస్మస్‌కి పిల్లల డ్యాన్సు డ్రెస్సులు కుట్టించాల, అరిసెలకి బియ్యం నానబెట్టాల, రాత్రి రెండింటికి క్యారల్స్ వాళ్ళు డ్రమ్ము వాయించుకుంటా వస్తే అప్పుడే నిద్రపోయిన చిన్నోడు లేచి కూర్చుంటాడు, నువ్వు నవ్వుమొహంతో టీ పెట్టాల. అప్పుడు కూడా ఫోను దగ్గర పెట్టుకో, డ్రమ్ము కొట్టే కుర్రోడి మొహం చూడు, వాడికీ నిద్రొస్తా ఉంటది.

జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత మార్చి రాసి పంపు. స్కూటీ మీదనే మొదలుపెట్టు, జ్వరం తర్వాత వస్తది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి పంపబాక, నాకు అద్దాలు మార్చాల్సిన పనుంది, ప్రింటు తీయించి లైనుకీ లైనుకీ మధ్య జాగా ఎక్కువ వదిలి కొరియర్ చెయ్యి, నా పెన్సిలుకి చోటుండాల.

పిల్లలకి ముద్దులు. మీ అత్తగారికి వందనాలు చెప్పానని చెప్పు.

మీ ఆంటీ,
నెల్లూరు