అమెరికాలో రికాల్ అయిన పెట్రోలు క్యాన్: అనంతపురంలో మనకు డబ్బులు వస్తాయా?

ప్రశ్న: మాది గార్లదిన్నె మండలం. మూడెకరాల చీనీ తోట ఉంది. మందు కొట్టే తైవాన్ స్ప్రేయరుకు పెట్రోలు తెచ్చి పెట్టుకోవడానికి పోయిన వేసవిలో ఆన్‌లైన్‌లో పది లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ పెట్రోలు క్యాన్ తెప్పించాం. 'పిల్లలు తీయలేని మూత' అని అమ్మేచోట రాసి ఉంది. రెండు నెలల కిందట మా మూడేళ్ల బాబు పంచలో ఉన్న ఆ క్యాన్ మూత ఊరికే తిప్పి తీసేశాడు. ఆయిలు కలిపిన పెట్రోలు రంగు చూసి షర్బత్ అనుకున్నాడేమో, కొంచెం తాగి, మిగతాది ఒంటి మీద పోసుకున్నాడు. అనంతపురంలో రెండు రోజులు ఆస్పత్రిలో పెట్టాం. ఇప్పుడు బాగున్నాడు. ఈమధ్య అమెరికాలో ఉండే మా మరిది ఫోన్ చేసి, తను అక్కడ కొన్న ఇదే క్యాన్‌ను మూత సరిగా లేదని రికాల్ చేశారని, అంటే అమ్మిన సరుకును కంపెనీ వెనక్కి పిలిపించుకుందని చెప్పాడు. ఇక్కడ అమ్మినవాళ్లను అడిగితే 'అది అమెరికా రికాల్, మాకు వర్తించదు, పైగా మీ రిటర్న్ గడువు అయిపోయింది' అంటున్నారు. క్యాన్ డబ్బులు, ఆస్పత్రి ఖర్చు అడగొచ్చా?

జవాబు: అడగొచ్చమ్మా. వాళ్లు చెప్పిన రెండు మాటల్లో మొదటిది సగం నిజం. రెండోది పూర్తిగా తప్పు.

రిటర్న్ గడువు అనేది వాళ్లు పెట్టుకున్న నియమం. వస్తువు నచ్చకపోతేనో, సైజు సరిపోకపోతేనో అది పనికొస్తుంది. లోపం ఉన్న వస్తువు గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణం లేని వస్తువు గానీ అమ్మితే వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనే వీలు అమ్మకందారుకు లేదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. అదే నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదిక (మీరు క్యాన్ తెప్పించిన సైటు లేదా యాప్) ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా ఆ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.

ఇక రికాల్ సంగతి. అమెరికాలో పెట్రోలు క్యాన్లకు ఐదేళ్లలోపు పిల్లలు సులువుగా తీయలేని మూత ఉండి తీరాలని 2008లో చట్టం చేశారు, 2009 జనవరి నుంచి అమలవుతోంది. 2020లో చేసిన ఇంకో చట్టం ఆ నియమాన్ని కిరోసిన్, డీజిల్ క్యాన్లకూ వర్తింపజేసింది. అలాంటి మూత లేకుండా అమ్మితే అక్కడి కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ కంపెనీతో కలిసి రికాల్ ప్రకటిస్తుంది. కానీ ఆ ప్రకటన వర్తించేది అక్కడ అమ్మిన సరుకుకే. ఆ కాగితం పట్టుకుని ఇక్కడ 'రికాల్ అయింది, నా డబ్బు ఇవ్వు' అంటే చెల్లదు. ఆ మాత్రం వరకు వాళ్లు చెప్పింది నిజమే.

అయితే హక్కుగా పనికిరాని కాగితం సాక్ష్యంగా బాగా పనికొస్తుంది. ఈ మూత పిల్లల చేతికి లొంగుతుందన్న మాట మీరొక్కరే అనడం లేదు, తయారుచేసిన కంపెనీయే ఇంకో దేశంలో ఆ సరుకును వెనక్కి తీసుకుంది అని చూపించవచ్చు. మీ మరిదిగారితో ఆ ప్రకటన పూర్తి పాఠం తెప్పించుకోండి. తర్వాత మీ క్యాన్ తిరగేసి చూడండి. అడుగున మోడల్ నంబరు అచ్చుపోసి ఉంటుంది, చాలావాటికి పక్కనే చిన్న గడియారంలా గుండ్రటి గుర్తులో తయారీ నెల, సంవత్సరం కూడా ఉంటాయి. అవి రికాల్ ప్రకటనలోని మోడల్‌తో, తేదీలతో సరిపోవాలి. రంగు, ఆకారం ఒకటే ఉంటే చాలదు. సరిపోకపోయినా కేసు పోదు గానీ ఈ సాక్ష్యం మాత్రం పక్కన పెట్టేయాలి.

మీ అసలు హక్కు మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి హాని జరిగితే పరిహారం అడిగే వీలును దాని ఆరో అధ్యాయం ఇస్తుంది. డిజైన్ లోపానికి, ఇచ్చిన హామీ తప్పినందుకు తయారీదారు 84వ సెక్షన్ కింద బాధ్యుడు. అతను విదేశంలో ఉండి మన కోర్టు ఉత్తర్వు అతని మీద నడవకపోతే 86వ సెక్షన్ ఆ బాధ్యత ఇక్కడ అమ్మినవాడి మీద పెడుతుంది. దిగుమతి చేసుకున్నవాడు కూడా ఈ చట్టం దృష్టిలో అమ్మకందారే. దిగుమతి సరుకు ప్యాకింగు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో తప్పనిసరిగా ఉండాలి. ఆ అట్టపెట్టె ఇంకా ఉంటే దాచండి. అమ్మినవాడు, దిగుమతిదారు, ఆన్‌లైన్ వేదిక, ముగ్గురినీ కేసులో చేర్చండి. 'మేము మధ్యవర్తులమే' అని వేదిక అంటుంది, ఆ సంగతి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్ తేలుస్తుంది.

తోట పనికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని ఎవరైనా అంటే టెన్షన్ పడకండి. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం వాడుకునేది వ్యాపార అవసరం కిందికి రాదు. బాబు మైనరు కాబట్టి తల్లిగా మీరే ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. మీ కేసులో బలహీనమైన చోటు మూత కాదు, ప్లాస్టిక్. 1934 పెట్రోలియం చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల వరకు పెట్రోలు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ దాన్ని గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలోనే ఉంచాలి. గాజు, పింగాణీ అయితే లీటరు మించకూడదు, లోహమైతే 25 లీటర్లు మించకూడదు. ఆ జాబితాలో ప్లాస్టిక్ లేదు. ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. 'వస్తువును తప్పుగా వాడారు, కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ కింద మా బాధ్యత లేదు' అంటాడు. దీనికి జవాబు వాళ్ల ప్రకటనలోనే ఉంది. పెట్రోలు క్యాన్ అని పేరు పెట్టి అమ్మినవాడు, అందులో పెట్రోలు పోయడం దుర్వినియోగం అని ఎలా అంటాడు? నా దృష్టిలో ఆ వాదన నిలవదు. కానీ ఈ విషయం, క్యాన్ పంచలో పిల్లాడికి అందేచోట ఉన్న విషయం మీ ఫిర్యాదులో మీరే రాయండి. దాచిపెట్టి, ఎదుటి లాయరు వేసే ప్రశ్నల్లో (క్రాస్‌లో) బయటపడితే మీ మిగతా మాటలన్నిటి మీదా నమ్మకం పోతుంది. పరిహారంలో కొంత కోత పడవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

ఇంకో జాగ్రత్త. 'హెచ్చరిక రాయలేదు' అన్న వాదన మీద ఎక్కువ ఆధారపడొద్దు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించనందుకు తయారీదారు బాధ్యుడు కాడని అదే 87వ సెక్షన్ చెబుతుంది. పెట్రోలు ప్రమాదమని ఎవరికి తెలియదు? మీ బలమంతా 'పిల్లలు తీయలేని మూత' అన్న ఆ ఒక్క లైనులో ఉంది. అది ఈ రాత్రికే వాళ్లు చెరిపేయవచ్చు. కాబట్టి ముందు చేయాల్సిన పని, ఆ పేజీ లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయడం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ మీ లాయరుతో రాయించుకోండి.

క్యాన్‌ను, ముఖ్యంగా మూతను, ఎవరికీ ఇవ్వకండి. 'పంపండి, డబ్బు వేస్తాం' అని ఇప్పుడు హఠాత్తుగా మెసేజ్ వచ్చినా సరే. అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తుంది, వస్తువు లేకపోతే పరీక్ష లేదు. లోపలి పెట్రోలును ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా, ఇనప డబ్బాలోకి మార్చండి. మూత మామూలుగా తిప్పితే వచ్చేస్తోందని వీడియో తీయండి, అందులో చేతులు పెద్దవాళ్లవే ఉండాలి. సాక్ష్యం కోసమని బాబుతో మళ్లీ తీయించేరు!

ఆస్పత్రి నుంచి డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, మందుల చీటీలు తీసుకోండి. కేస్ షీటులో 'పెట్రోలు తాగడం' అని కారణం రాసి ఉందో లేదో చూడండి, దాని నకలు అడిగి తెచ్చుకోండి. మీ ఉత్తరంలో లేకపోయినా ఒక మాట. పెట్రోలు, కిరోసిన్ తాగిన పిల్లలకు ఇంట్లో వాంతి చేయించకూడదని డాక్టర్లు చెబుతారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఉప్పు నీళ్లు తాపమని చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

అమ్మినవాడికి, దిగుమతిదారుకు, వేదికకు నోటీసు ఇచ్చి పదిహేను రోజులు చూడండి. ఈలోగా 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, క్యాన్ ధర వరకు చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, ముంబైలో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచీ వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా, కానీ ఈ కేసులో 87వ సెక్షన్ గొడవ ఉంది కాబట్టి ఒకరిని పెట్టుకోమంటాను. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

ఎంత అడగాలి? క్యాన్ ధర, దాని మీద వడ్డీ, ఆస్పత్రి ఖర్చు, బాబు పడ్డ బాధకు, మీ మనోవేదనకు ఒక సబబైన మొత్తం, కేసు ఖర్చులు. యాభై లక్షలు రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బిల్లులకు పొంతన లేని అంకె రాస్తే అడిగిన దాంట్లో న్యాయమైనది కూడా పలచబడుతుంది.

ఇది మీ డబ్బు సంగతి. ఇదే క్యాన్ కొన్న మిగతా వాళ్ల సంగతికి వేరే దారి ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గానీ, జిల్లా కలెక్టరుకు గానీ ఒక ఫిర్యాదు ఇవ్వండి. ప్రమాదకరమైన సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమని, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించే అధికారం ఆ సంస్థకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్ కింద ఉంది. ఆ ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే ఆరు నెలల వరకు జైలు, 20 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నా చాలు. మరిదిగారు పంపే రికాల్ ప్రకటన ఇక్కడ ఇంకా బాగా పనికొస్తుంది.

మీ మరిదిగారి క్యాన్ విషయం మాత్రం వేరు. ఆయన అక్కడే కొన్నారు కాబట్టి ఆ రికాల్ ఆయనకు నేరుగా వర్తిస్తుంది. ప్రకటనలో చెప్పిన పద్ధతిలో ఆయన కంపెనీనే అడగాలి, మన కమిషన్‌తో ఆయనకు పని లేదు.