గ్రేడ్ 8 తర్వాతే అసలు చదువు: పియానోపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పియానో గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగిన విషయాలను ఐదు ప్రశ్నలుగా తీసుకున్నాం. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏబీఆర్‌ఎస్‌ఎం (బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు) గ్రేడ్ 6 డిస్టింక్షన్‌లో పాసైంది. విదేశాల్లో కచేరీలు చేసే పియానిస్టు కావాలని పట్టుదలగా ఉంది. గ్రేడ్ 8 అయిపోతే మంచి కాలేజీలో సీటు వచ్చేసినట్టేనా? – ఒక తల్లి, వెస్ట్ మారేడుపల్లి

కాదండీ. పదమూడేళ్లకు గ్రేడ్ 6లో 150కి 130 దాటడం మంచి విషయమే. పైగా గ్రేడ్ 5 థియరీ (లేదా దానికి సమానమైన పరీక్ష) పాసైతే తప్ప గ్రేడ్ 6కు కూర్చోనివ్వరు కాబట్టి ఆ పునాది కూడా పడింది. అయితే కన్సర్వేటరీలు (సంగీత కళాశాలలు) సర్టిఫికెట్టు చూసి సీటివ్వవు, ఆడిషన్ చూసి ఇస్తాయి. అక్కడికి వచ్చే పద్దెనిమిదేళ్ల పిల్లలు షోపెన్ ఎట్యూడ్‌లు (సాధన కోసం రాసిన కష్టమైన రచనలు), బీథోవెన్ సొనాటాలు (పలు భాగాల పెద్ద రచనలు) పూర్తిగా వాయించి ఉంటారు, ఆర్కెస్ట్రాతో వాయించే ఒక కాన్సర్టో కూడా చేతిలో ఉంటుంది. వాళ్ల పక్కన గ్రేడ్ 8 ఎక్కాల్సిన మొదటి మెట్టు మాత్రమే.

మన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పరీక్షకు మూడు రచనలు కావాలి కాబట్టి ఏడాది పొడవునా ఆ మూడే వాయిస్తారు. మార్కులు వస్తాయి, కానీ సంగీతం చదవడం రాదు. మీ అమ్మాయి గ్రేడ్ 7 వదిలేసి నేరుగా 8కి వెళ్లొచ్చు, ముందు గ్రేడ్ రాసి ఉండాలన్న నిబంధన లేదు. మిగిలిన సమయంలో ఏడాదికి కనీసం పది పన్నెండు రచనలు నేర్పించమని టీచరుగారిని అడగండి: బాఖ్‌వి మూడు, హైడన్‌దో మొజార్ట్‌దో ఒక సొనాటా మొత్తం (మొదటి భాగం ఒక్కటే వద్దు), మూడు ఎట్యూడ్‌లు, తక్కినవి రొమాంటిక్, ఇరవయ్యో శతాబ్దపు రచనలు. అన్నీ కచేరీ స్థాయికి రానక్కర్లేదు.

సాధన రోజుకు రెండున్నర నుంచి మూడు గంటలు, ఒక్కోటి 45 నిమిషాలకు మించని విడతలుగా. అందులో పది నిమిషాలు సైట్ రీడింగ్‌కు (కొత్త రచనను చూస్తూనే వాయించడానికి) తప్పనిసరిగా తీసిపెట్టాలి. తన స్థాయి కంటే రెండు గ్రేడ్లు తక్కువ పుస్తకం తీసుకుని, తప్పు పడినా ఆగకుండా చివరిదాకా వాయించాలి. ఆగి సరిచేసుకునే అలవాటు ఒకసారి పడితే తర్వాత పోగొట్టడం చాలా కష్టం.

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇంటర్ దగ్గర ఉంటుంది. ఆడిషన్ తయారీకి కావలసినవి సరిగ్గా పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య రెండేళ్లు. ఆ రెండేళ్లూ పిల్లను రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే పియానో ముట్టుకునే వీలుండదు, ఆ నష్టం తర్వాత పూడదు. పన్నెండేళ్ల చదువు మాత్రం విదేశాల్లో తప్పక అడుగుతారు. అందుకని ఇంటికి దగ్గరలో డే స్కాలరుగా చేర్పించడమో, ఓపెన్ స్కూల్లో చదివించడమో ఇప్పుడే ఆలోచించుకోండి. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఆలోచిస్తే ఆలస్యం.

నాకు పదిహేడేళ్లు. లండన్, అమెరికా, జర్మనీ మూడు చోట్లా బ్యాచిలర్స్‌కు ప్రయత్నిస్తాను. ప్రోగ్రాం ఎలా ఎంచుకోవాలి? వీడియో ఇంట్లోనే తీయవచ్చా? – నిజాంపేట

మూడు దేశాలకూ సరిపోయే ఒకే ప్రోగ్రాం తయారు చేసుకోండి. బాఖ్ వెల్ టెంపర్డ్ క్లావియర్ నుంచి ఒక ప్రిల్యూడ్, ఫ్యూగ్. పూర్తి క్లాసికల్ సొనాటా ఒకటి. వేగమైన ఎట్యూడ్‌లు రెండు. పది నిమిషాల రొమాంటిక్ రచన ఒకటి. 1900 తర్వాతి రచన ఒకటి. దాదాపు అన్ని చోట్లా ఇది చెల్లుతుంది. అయితే నిబంధనల చివర రాసే మినహాయింపులు తప్పక చదవండి. బీథోవెన్ ఓపస్ 49లోని రెండు సొనాటాలు, ఓపస్ 79 చాలాచోట్ల ఒప్పుకోరు. షోపెన్ ఎట్యూడ్‌లలో ఓపస్ 10లో 3, 6, ఓపస్ 25లో 7 నెమ్మదిగా సాగేవి కాబట్టి తీసేస్తారు. ఇది చూసుకోక ఆర్నెల్లు సాధన చేసిన రచన ఆఖర్లో మార్చుకోవాల్సి వస్తే తట్టుకోవడం కష్టం.

గడువులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. బ్రిటన్ కన్సర్వేటరీలకు మరుసటి ఏడాది సెప్టెంబరు సీటు కోసం అక్టోబరు మొదటి వారంలోనే దరఖాస్తు పడాలి. అమెరికాలో ఎక్కువ చోట్ల డిసెంబరు 1. ముందు వీడియో వడపోత, అది దాటినవారికి ఫిబ్రవరి, మార్చిల్లో ముఖాముఖి ఆడిషన్. జర్మనీలో ఒక్కో హోఖ్‌షూలెకు (సంగీత ఉన్నత విద్యాసంస్థకు) ఒక్కో తేదీ, ఎక్కువగా వసంతకాలంలో. పరీక్షకు స్వయంగా వెళ్లాలి, జర్మన్ భాష సర్టిఫికెట్టు కూడా చాలాచోట్ల అడుగుతారు. ఫీజులు చూస్తే, ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ 1928 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు, సీట్లు బహు తక్కువ. జర్మనీ ప్రభుత్వ సంస్థల్లో చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ లేదు, బాడెన్-వూర్టెంబర్గ్‌లో మాత్రం యూరప్ బయటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు. స్టుట్‌గార్ట్, ఫ్రైబుర్గ్, కార్ల్స్‌రూహె ఆ రాష్ట్రంలోనివే. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమచేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో) చూపాల్సింది 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. దరఖాస్తు చేసేనాటికి ఆ అంకె మరోసారి సరిచూసుకోండి.

వీడియో ఇంట్లో తీయవచ్చు, పియానో బాగుంటే. గ్రాండ్ పియానో ఉన్న హాలు ఒక పూట అద్దెకు దొరికితే ఆ ఖర్చు దండగ కాదు. ఎందుకంటే గ్రాండ్‌లో డబుల్ ఎస్కేప్‌మెంట్ ఉంటుంది, మెట్టు (కీ) పూర్తిగా పైకి రాకముందే మళ్లీ మోగించవచ్చు. అప్‌రైట్‌లో (నిలువు పియానోలో) ఆ వీలు లేక వేగమైన ట్రిల్‌లు (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడం), ఒకే స్వరం పదేపదే కొట్టే చోట్లు తడబడినట్టు వినిపిస్తాయి.

ట్యూనింగ్ రికార్డింగుకు ముందు రోజు చేయించండి. సీలింగ్ ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపండి. ఫోన్ మైకు మీద ఆధారపడొద్దు. అందులోని ఆటోమేటిక్ సర్దుబాటు గట్టి శబ్దాన్ని అణిచి, సన్నటి శబ్దాన్ని పెంచుతుంది. మీరు ఎంతో కష్టపడి సాధించిన పియానిస్సిమో (అతి సన్నటి శబ్దం), ఫోర్టిస్సిమో (అతి గట్టి శబ్దం) రెండూ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. చేతి రికార్డరు ఒకటి తెచ్చుకుని, ఆటో లెవెల్ ఆపేసి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా పెట్టండి. ప్రోగ్రాంలో అన్నిటికంటే గట్టిగా వాయించే చోటు ముందే ఒకసారి వాయించి, రికార్డరు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా సర్దండి. గ్రాండ్ అయితే రికార్డరు వంపు వైపు రెండు మీటర్ల దూరంలో, నిలబడ్డ మనిషి తల ఎత్తులో ఉండాలి. అప్‌రైట్ అయితే గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపి, పై మూత తెరిచి, రికార్డరును వాయించేవారి భుజం వెనక మీటరున్నర దూరంలో పెట్టండి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే చిత్రం, శబ్దం కలపడం తేలిక. కెమెరా ఒక్కటే, కదలకూడదు. చేతులు, ముఖం, మెట్లు ఒకే ఫ్రేములో కనిపించాలి. ఒక రచన మధ్యలో కత్తిరించి అతికిస్తే దరఖాస్తు తిరస్కరిస్తారు.

తేదీ సంగతి కూడా చూసుకోండి. అక్టోబరు గడువుకు ముందే వీడియో చేతిలో ఉండాలంటే రికార్డింగు వినాయక నవరాత్రుల్లో పడే ప్రమాదం ఉంది. నిమజ్జనం దాకా మన వీధుల్లో నిశ్శబ్దం దొరకదు. చవితికి వారం ముందే, తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య మొదలుపెడితే ట్రాఫిక్ కూడా లేచి ఉండదు.

వానలు మొదలైతే మా అప్‌రైట్ పియానోలో నాలుగైదు మెట్లు నొక్కితే కిందనే ఉండిపోతున్నాయి. స్ప్రే ఏదైనా కొట్టవచ్చా? – సైనిక్‌పురి

దయచేసి కొట్టకండి. నూనె స్ప్రే ఫెల్ట్‌లోకి (లోపలి మెత్తటి ఉన్ని గుడ్డలోకి) ఇంకి, కొన్ని నెలల్లో బంకలా మారుతుంది. అప్పుడు ఆ భాగాలే మార్చాలి.

ముందు లోపం ఎక్కడుందో చూడండి. ఇరుక్కున్న మెట్టును వేలితో అటూ ఇటూ మెల్లగా కదపండి. అసలు కదలకపోతే మెట్టు కింద పిన్ను చుట్టూ ఉండే చిన్న ఫెల్ట్ గుడ్డ తేమకు ఉబ్బిందని అర్థం. ట్యూనరు ప్రత్యేకమైన పట్టకారుతో దాన్ని కాస్త నొక్కి సరిచేస్తారు, నిమిషాల పని. మెట్టు వదులుగానే ఉండి, లోపల సుత్తి మాత్రం నెమ్మదిగా వెనక్కి వస్తుంటే సుత్తి ఇరుసు బిగుసుకుంది. అది మీరు ముట్టుకోకూడదు. రెండు మెట్ల మధ్య పెన్సిలు ముక్కో, చిల్లర నాణెమో పడి ఉండటం కూడా మామూలే.

అసలు కారణం గాలిలో తేమ. తీగల శబ్దాన్ని పెంచే పెద్ద పలక, సౌండ్‌బోర్డు, స్ప్రూస్ చెక్క. వానాకాలంలో అది ఉబ్బి తీగలను పైకి నెడుతుంది, మధ్య స్థాయిలో శ్రుతి పెరుగుతుంది. ఎండాకాలంలో కుంచించుకుని తగ్గుతుంది. అందుకే ఏడాదికి రెండు ట్యూనింగ్‌లు: వానలు మొదలైన మూడు వారాల తర్వాత ఒకటి, నవంబరు మొదట్లో ఒకటి. జూన్ మొదటి వారంలో చేయిస్తే డబ్బు పోయినట్టే. పక్కన ఒక హైగ్రోమీటరు పెట్టి తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. బయటి గోడకు ఆనించొద్దు, ఏసీ గాలి నేరుగా తగలనివ్వొద్దు. పెడళ్ల సందులోంచి ఎలుకలు దూరి ఫెల్ట్‌తో గూడు కట్టుకుంటాయి, నెలకోసారి కింది పలక తీసి టార్చి వేసి చూడండి.

పెద్ద పెద్ద పియానిస్టులంతా ప్రొఫెసర్లుగా కూడా ఎందుకు పనిచేస్తారు? కచేరీలతోనే బతకలేరా? ప్రొఫెసరు కావాలంటే పీహెచ్‌డీ చేయాలా? – డిగ్రీ విద్యార్థి, తార్నాక

కచేరీకి ఇచ్చే పారితోషికం మొత్తం చేతికి రాదు. ఏజెంటుకు సాధారణంగా 15 నుంచి 20 శాతం. పరాయి దేశంలో మూలంలోనే పన్ను కోత ఉంటుంది, అమెరికాలో విదేశీ కళాకారులకు అది మామూలుగా 30 శాతం. విమానం, హోటలు చాలాసార్లు సొంత ఖర్చు. ఒప్పందాలు ఏడాదిన్నర, రెండేళ్ల ముందే కుదురుతాయి కాబట్టి ఒక సీజను ఖాళీగా పోతే దాని దెబ్బ వెంటనే కాక, రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ఆ హెచ్చుతగ్గుల మధ్య నెల జీతం నిలకడనిస్తుంది.

అయితే బోధనను బతుకుతెరువుగా మాత్రమే చూడటం అన్యాయం. ఈ వాద్యంలో విద్య గురువు చేతి నుంచి శిష్యుడి చేతికే వెళ్తుంది. మాస్కో కన్సర్వేటరీలో హైన్రిక్ నాయ్‌హౌస్ దగ్గర రిక్టర్, గిలెల్స్ అనే ఇద్దరు గొప్ప పియానిస్టులు తయారయ్యారు. వియత్నాంకు చెందిన డాంగ్ థాయ్ సన్ 1980లో వార్సాలో షోపెన్ పోటీ గెలిచారు, ఆసియా నుంచి అది గెలిచిన మొదటి వ్యక్తి. తర్వాత మాంట్రియల్‌లో బోధించారు. ఆయన శిష్యుడు బ్రూస్ ల్యూ 2021లో అదే పోటీ గెలిచారు.

అమెరికాలో అడిగేది ఎక్కువగా డీఎంఏ, అంటే డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్. పీహెచ్‌డీలో పరిశోధన ప్రధానం, డీఎంఏలో వాయించడమే ప్రధానం: పలు రిసైటల్స్ (సోలో కచేరీలు), ఒక లెక్చర్ రిసైటల్ (వివరణతో కూడిన కచేరీ) లేదా పరిశోధన వ్యాసం, సమగ్ర పరీక్ష. ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు రికార్డింగులతో పాటు మీరు పాఠం చెప్తున్న వీడియో కూడా పంపమంటారు. తుది జాబితాలోకి వస్తే క్యాంపస్‌కు పిలిచి, రిసైటల్ వాయించమని, విద్యార్థులకు మాస్టర్‌క్లాస్ తీసుకోమని, కమిటీ ముందు కూర్చోమని అంటారు, ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లోనే. చేరాక శాశ్వత నియామకం నిర్ణయమయ్యేది సాధారణంగా ఆరో ఏట. జర్మనీలో డాక్టరేటు అడగరు. ఎన్నడూ చూడని విద్యార్థిని ముందు కూర్చోబెట్టి, కమిటీ చూస్తుండగా పాఠం చెప్పమంటారు.

చాలామంది జారిపోయేది ఈ పాఠం దగ్గరే. అద్భుతంగా వాయించేవారు కూడా విద్యార్థి రెండు పేజీలు వాయించగానే పియానో ముందు కూర్చుని తాము వాయించి చూపిస్తారు. కమిటీకి అది కాదు కావలసింది. ఒక్క లోపం పట్టుకోవాలి, ఉదాహరణకు పెడల్ ఆలస్యంగా మార్చడం వల్ల బాస్ స్వరం మసకబారుతోందని. ఆ నాలుగు బార్లే ముందు పెడల్ లేకుండా, తర్వాత బాస్ మోగిన క్షణానికి పాదం లేచేలా వాయింపజేయాలి. ఇరవై నిమిషాల్లో విద్యార్థి చెవికే తేడా తెలియాలి. ఈ నేర్పు ముప్పయ్యేళ్లకు హఠాత్తుగా రాదు. డిగ్రీలో ఉండగానే ఇద్దరు చిన్నపిల్లలకు నేర్పడం మొదలుపెట్టండి.

చిన్న చేతులు. ఆక్టేవ్‌లు ఎక్కువసేపు వాయిస్తే మణికట్టు నొప్పి. పైగా చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను, అది మానేయమంటున్నారు. – పద్మారావునగర్

నొప్పి వచ్చిందంటే ఆపాలి, ఓర్చుకుని వాయించకూడదు. బెంచీ ఎత్తు చూడండి: మోచేయి మెట్ల మట్టానికి సమానంగా, లేదా రవ్వంత పైన ఉండాలి. ఆక్టేవ్ కొట్టాక చేతిని చాపి ఉంచకుండా ప్రతిసారీ వదులు చేయాలి. మామూలు పియానోలో ఆక్టేవ్ (ఒక స్వరం నుంచి పై స్థాయిలోని అదే స్వరం దాకా) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. ఇప్పుడు 15.2, 14 సెంటీమీటర్ల కీబోర్డులు కూడా తయారవుతున్నాయి, మన దగ్గర దొరకడం కష్టం. కాబట్టి రచనల ఎంపికలోనే జాగ్రత్త పడండి, రక్మానినోవ్ పక్కనబెట్టి స్కార్లట్టి, హైడన్, మొజార్ట్ తీసుకోండి. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే చేతి వైద్య నిపుణుడి దగ్గరకు వెళ్లండి. నొప్పి లేకుండా ఒక వేలు దానంతటదే ముడుచుకుపోతుంటే న్యూరాలజిస్టును చూడాలి. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ కుడిచేతికి 1960లలో వచ్చింది ఆ జబ్బే. మూడు దశాబ్దాల పాటు ఆయన ఎడమచేతి రచనలు వాయించి, పాఠాలు చెప్పి నిలబడ్డారు.

గాత్రం మానొద్దు. ఒక్క జాగ్రత్త: నొటేషన్ చదివేటప్పుడు స్వరాలను సరిగమలుగా అనుకోవద్దు. గాత్రంలో మీ షడ్జమం ఐదు శ్రుతిలో ఉంటే పియానోలో అది జీ, కాగితం మీద సీ నుంచి లెక్క వేరు. తాళ జ్ఞానం మాత్రం మీకు పెద్ద ఆస్తి. బార్టోక్ రాసిన పియానో రచనల సంపుటి మిక్రోకోస్మోస్‌లో బల్గేరియన్ లయ నృత్యాలు 148 నుంచి 153 వరకు ఉన్నాయి. 150వది 2+3, అచ్చంగా ఖండచాపు. 149వది ఏడు మాత్రలే కానీ 2+2+3, మన మిశ్రచాపు తిరగేసినట్టు. ముందు చేత్తో తాళం వేసి, నోటితో అని, తర్వాతే మెట్ల మీద చేయి పెట్టండి.