టెక్ సందేహాలు: చిన్న కేసులో గేమింగ్ పీసీ, బెజవాడ ఎండలు

ప్రశ్న: మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డుతో 18 లీటర్ల చిన్న కేసులో గేమింగ్ పీసీ కట్టించుకున్నాను. రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లై. జనవరిలో ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ నుంచి గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్యాన్ల మోత భరించలేకపోతున్నాను. షాపులో లిక్విడ్ కూలర్ వేయించమంటున్నారు. వేయించాలా? (పటమట, విజయవాడ)

జవాబు: ఇప్పుడే వద్దండి. మీ పీసీ పాడవలేదు, గది వేడెక్కింది. గాలి కూలరైనా, లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్ వేడిని తీసి గదిలోకి వదలడమే దాని పని. గది గాలి కంటే చల్లగా అది దేన్నీ చేయలేదు. జనవరి రాత్రి 22 డిగ్రీలున్న గది, మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా 38కి చేరితే, ఆ 16 డిగ్రీలూ దాదాపు అంతే ప్రాసెసర్ మీదా, గ్రాఫిక్స్ కార్డు మీదా పడతాయి. చల్లని గదుల్లో తీసిన రివ్యూ అంకెలు చూసి కూలర్ ఎంచుకుంటే రోహిణి కార్తెలో దెబ్బ తింటాం.

ముందు టెన్షన్ వదిలేయండి. 95 డిగ్రీలు ఆ ప్రాసెసర్‌కి ఏఎండీ పెట్టిన పరిమితి. అక్కడికి చేరగానే అదే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు.

అసలు చేయాల్సింది వేడి పుట్టే చోటే దాన్ని తగ్గించడం. మీ ప్రాసెసర్ మీద 105 వాట్లని రాసి ఉన్నా 142 వాట్ల దాకా లాగుతుంది. బయాస్‌లో (పీసీ ఆన్ అవగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎకో మోడ్ 65 వాట్లు ఎంచుకోండి, అప్పుడు 88 వాట్ల దగ్గర ఆగుతుంది. గేముల్లో ప్రాసెసర్ పూర్తి పవర్ వాడటం అరుదు కాబట్టి ఫ్రేముల్లో పెద్దగా తేడా తెలియదు. తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ని 80 శాతానికి దించండి. 200 వాట్ల కార్డు 160 దగ్గర నిలబడుతుంది. వాట్లు తగ్గినంతగా ఫ్రేములు తగ్గవు. ఎందుకంటే చివరి కాస్త వేగం కోసం చిప్‌కి వోల్టేజి బాగా పెంచాలి, పవర్ ఖర్చేమో వోల్టేజి వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. ఆ కొసరు వేగాన్ని వేసవిలో వదులుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పైసా ఖర్చు లేదు, మళ్లీ డిసెంబరులో మామూలుగా పెట్టుకోవచ్చు.

పవర్ సప్లై మార్చక్కర్లేదు. 4070కి ఎన్విడియా సూచించేది 650 వాట్లే. కాకపోతే అది కూడా ఆ ఇరుకులోనే ఉంటుంది. దాని ఫ్యాన్ గాలి పీల్చే వైపు గోడకి ఆనించకండి. కేసుని పరుపు మీదా, మూసిన అరలోనూ పెట్టొద్దు. కింది నుంచి గాలి లోపలికి, పై నుంచి బయటికి వెళ్లేలా ఫ్యాన్లు బిగించండి. రోడ్డు పక్క ఇల్లయితే డస్ట్ ఫిల్టర్లు నెలకోసారి దులపాలి. ఇవన్నీ చేశాక కూడా ప్రాసెసర్ ఒక్కటే 95 దగ్గర ఉంటే అప్పుడు పెద్ద కూలర్ సంగతి ఆలోచిద్దాం. మామూలు లిక్విడ్ కూలర్ గ్రాఫిక్స్ కార్డుని చల్లబరచదు. పైగా దాని రేడియేటర్‌ని (వేడి వదిలే భాగాన్ని) గాలి లోపలికొచ్చే వైపు పెడితే ఆ వేడి గాలి కార్డు మీదికే వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, గేమ్ ఆడేటప్పుడు కరెంటు పోతే పీసీ రీస్టార్ట్ అవుతోంది. 650 వాట్ల పవర్ సప్లై తీసేసి 850ది వేయాలా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అది కొంత ఊతమిస్తుందే గానీ అసలు కారణం అది కాదు. కరెంటు ఆగాక పవర్ సప్లై తన కెపాసిటర్లలో ఉన్న నిల్వతో కొన్ని మిల్లీసెకన్లే నెట్టుకొస్తుంది. పవర్ సప్లైలకు పెట్టిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం పూర్తి లోడ్ మీద 12, 80 శాతం లోడ్ మీద 17 మిల్లీసెకన్లు. మీ ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటోంది. చాలా ఇన్వర్టర్లకు త్వరగా మారేలా చేసే యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి. మీది స్క్వేర్ వేవ్ (కరెంటు అలని మెట్లుగా ఇచ్చే) ఇన్వర్టరైతే గేమింగ్ పీసీని దాని మీద నడపకండి. ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్స్ కరెంటులా నున్నని అల ఇచ్చే) యూపీఎస్ ఒకటి విడిగా తీసుకోండి. కొనేటప్పుడు వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకె కాదు, వాట్ల అంకె చూడాలి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, గేమ్ మధ్యలో మానిటర్‌తో కలిపి మీకది చాలదు. పెద్దది కొన్నా గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికే దాన్ని వాడండి.

ప్రశ్న: పీసీ కేసు ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. పవర్ సప్లై పోయిందా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ఎక్కువగా ఇది ఎర్తింగ్ సమస్యే. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కాస్త కరెంటు కేసుకి చేరుతుంది, ఎర్త్ ఉంటే అటు వెళ్లిపోతుంది. లేకపోతే కేసు మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్ట్‌ల దాకా నిలుస్తుంది. టూ పిన్ కన్వర్టర్ వాడుతుంటే ఈరోజే తీసేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టించండి, కొద్ది వోల్ట్‌లకు మించి చూపించకూడదు. ఎర్త్ సరిగ్గా ఉండి కూడా జివ్వుమంటుంటే మాత్రం ప్లగ్ పీకేసి పవర్ సప్లైని వారంటీకి ఇచ్చేయండి.